బోర్డుకు ఢోకా లేదు

వాన నీటినీ మట్టినీ ఊళ్లోనే ఆపే వాటర్‌షెడ్ పనులు జరిగిన ఊళ్లో వాగు ఎటుందని ఎవరినీ అడగనక్కర్లేదు. బోర్డు కనిపిస్తుంది. పథకం పేరు, పని పేరు, అంచనా విలువ, హెక్టార్లు, ప్రారంభించిన పెద్దలు, వారి హోదాలు. దాని వెనక చెక్‌డ్యామ్ ఉండాలి. చాలాచోట్ల ఉంటుంది కూడా. కాకపోతే గోడ అంచున మట్టి కోసుకుపోయి, వాగు ఆ గోడను దాని మానాన వదిలేసి పక్కనుంచి పోతూ ఉంటుంది. బోర్డు మాత్రం నిటారుగా నిలబడి ఉంటుంది. దాని కాళ్లకు పోసిన కాంక్రీటు చూస్తే, మన గుత్తేదార్లకు పని చేతకాదన్న అపవాదు తొలగిపోతుంది.

వానకూ వరదకూ ఓర్చి నిలిచే కట్టడం ఇదొక్కటే అని తేలింది కనుక ప్రభుత్వానికి ఒక సూచన. ఇకపై చెక్‌డ్యాములు మానేసి బోర్డులనే వాగుకు అడ్డంగా వరుసగా పాతించండి. నీళ్లూ ఆగుతాయి, పేర్లూ కడిగినట్టు మెరుస్తాయి.

బోర్డుకున్న కష్టమల్లా రంగే. పథకం పేరు మారినప్పుడల్లా మళ్లీ వేయాలి. కేంద్రం వేసిన హనుమంతరావు కమిటీ సూచించిన మార్గదర్శకాలు 1995లో అమలుకు వచ్చినప్పుడు డబ్బు ఊరి వాటర్‌షెడ్ కమిటీ చేతికి. 2003లో ‘హరియాలీ’ అని పేరు మార్చి పంచాయతీ చేతికి. 2008 ఉమ్మడి మార్గదర్శకాలతో మళ్లీ గ్రామసభ వేసిన కమిటీకి. ఆ తర్వాత సమీకృత వాటర్‌షెడ్ కార్యక్రమం, 2015లో ప్రధానమంత్రి కృషి సించాయీ యోజన, 2021 నుంచి అందులోనే రెండో విడత, 2.0. వాన ఒక్కటే ఇంకా పాత పేరుతో కురుస్తోంది.

తనిఖీ రోజు చూడాలి. జీపులు ఆగుతాయి. కమిటీ అధ్యక్షుడు ఉతికిన చొక్కా వేసుకుని, చంకలో నోటు పుస్తకంతో ఎదురొస్తాడు. ‘అయ్యా, గోడ కిందనుంచి ఊట పోతోంది, ఒక్కసారి ఇటు రండి’ అంటాడు. ‘వస్తాం, ముందు అందరూ బోర్డు పక్కన నిలబడండి’ అంటారు సారు. ఫొటో తీయాలి, అది అక్షాంశ రేఖాంశాలతో సహా పైకి ఎక్కాలి. ఫోను ఒప్పుకోదు. మీరు పని జరిగిన చోట లేరంటుంది. అందరూ నాలుగు అడుగులు ఎడమకు జరుగుతారు. ఇంకా లేరంటుంది. మరో నాలుగు. తుమ్మకంపలోకి దిగుతారు. చోటు కుదిరింది గానీ సిగ్నల్ లేదు. ఒక కుర్రవాడు ఫోను పట్టుకుని గుట్ట ఎక్కుతాడు. నిజానికి మొదట కందకాలు తవ్వాల్సింది ఆ గుట్ట మీదే. పనులు మిట్టనుంచి పల్లానికి రావాలని శిక్షణలో చెప్పారు కూడా. కానీ గుట్ట మీద బోర్డు పెడితే ఎవరికి కనబడుతుంది? పైనుంచి కుర్రవాడు చెయ్యి ఊపుతాడు. ఫొటో ఎక్కింది. ఊట సంగతా? పొద్దుపోయింది, ఇంకో ఊరు చూడాలి. నోటు పుస్తకం తెరవనేలేదు. ‘ప్రజల భాగస్వామ్యం సంతృప్తికరం’ అని నివేదికలో పడుతుంది. అబద్ధమేమీ కాదు, తుమ్మకంపలోకి అందరూ దిగారు.

వాటా దగ్గరికి వచ్చేసరికి మాత్రం నవ్వు రాదు. సొంత పొలంలో గట్లు వేయించుకునే రైతు ఖర్చులో కనీసం 10 శాతం, ఎస్సీ, ఎస్టీ, చిన్న, సన్నకారు రైతులైతే 5 శాతం భరించాలని 2008 నిబంధన. మంచిదే. ఆ సొమ్ము వాటర్‌షెడ్ అభివృద్ధి నిధిగా బ్యాంకులో ఉండి, పథకం వెళ్లిపోయాక మరమ్మతులకు అక్కరకు రావాలి. ఎన్నో ఊళ్లలో ఆ వాటా కట్టిందెవరు? మట్టి మోసిన కూలీలు. వాళ్ల కూలిలోంచే కోసేశారు. సెంటు భూమి లేని ఆడమనిషి ఎండలో తట్ట మోసి, గట్టు పడిన పొలం ఆసామి బదులు వాటా కట్టింది! దానికి శ్రమదానమని పేరు. దానం చేసిందెవరు, పుచ్చుకున్నదెవరు? సిగ్గుండాలి. పొలమున్నవాడి దగ్గర పది శాతం అడగడానికి నోరు రాని యంత్రాంగానికి, కూలిమనిషి కొంగుముడి విప్పడానికి చేతులెలా వచ్చాయి?

పైగా ఈ వాటర్‌షెడ్ కమిటీలను ఎలా ఆదుకోవాలని సదస్సులు పెట్టి మరీ అడుగుతారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 7 కరువు జిల్లాల రైతులు భూగర్భజల నిర్వహణ తామే చేపట్టినప్పుడు, బావుల్లో, బోర్లలో నీటిమట్టం తామే కొలిచారు. వాన ఎంత పడిందో రాసుకున్నారు. రబీకి ముందు అందరూ కూర్చుని, ఉన్న నీరెంత, ఏ పంట ఎంత తాగుతుందని లెక్క వేసుకున్నారు. వాళ్లకు కొలవడం నేర్పి, లెక్కను వాళ్ల చేతిలోనే ఉంచారు, అంతే. కనుక పల్లెటూరివాళ్లకు నిర్వహణ రాదన్న పాట ఇక కట్టిపెట్టవచ్చు.

మైదాన ప్రాంతాల్లో హెక్టారుకు 12 వేల రూపాయలున్న వ్యయ పరిమితిని 22 వేలకు పెంచారు. సంతోషం. అందులో బోర్డు రంగు ఖర్చంతైనా ఏటా మరమ్మతు కోసం కమిటీ ఖాతాలో వేయండి. అదీ వేసవి మొదట్లోనే వేయండి. మార్చి చివరి వారంలో డబ్బు పంపి, 31లోగా ఖర్చు చేశామని వినియోగపత్రం ఇమ్మంటే, కొలతల పుస్తకంలో తప్ప ఎక్కడా పూడిక తీయడం కుదరదు. పోనీ, బ్యాంకులో మూలుగుతున్న తమ నిధితోనే తీసుకుంటామని కమిటీ దరఖాస్తు పెడితే, ఫైలు మండలంనుంచి జిల్లాకు, వివరణ కోరుతూ జిల్లానుంచి మండలానికి తిరుగుతుంది. అనుమతి సెప్టెంబరులో వస్తుంది. అప్పటికి కుంట నిండా నీళ్లు. వారంలోగా పూడిక తీసి ఫొటో పంపాలని అదే ఉత్తర్వులో ఉంటుంది.