కొండను తవ్వి పర్యాటకుణ్ణి పట్టిన వైనం

కొండను తవ్వి ఎలుకను పట్టారని ఎగతాళి చేయడం మనకు తరతరాల అలవాటు. అమెరికాలోని సౌత్ డకోటా రాష్ట్రం వారు 1927 నుంచి 1941 దాకా బ్లాక్ హిల్స్ అనే కొండల్లోని మౌంట్ రష్మోర్ శిఖరం మీద డైనమైట్ పేల్చి ఈ ఎగతాళికి గట్టి జవాబు చెప్పారు. వారు కొండను తవ్వి పర్యాటకుణ్ణి పట్టారు. ఇందులో దాపరికమేమీ లేదు. 1923లో ఆ రాష్ట్ర చరిత్రకారుడు డోన్ రాబిన్సన్ కొండలను శిల్పాలుగా చెక్కించాలని తలపెట్టింది జనాన్ని రప్పించడానికే. చెక్కించదగినవారిలో అక్కడి ఆదివాసులైన లకోటాల నాయకుడు రెడ్ క్లౌడ్ కూడా ఉన్నాడని ఆయన అనుకున్నాడు. తరువాత శిల్పి గట్జన్ బోర్గ్లమ్ రంగప్రవేశం చేసి, దేశమంతా తమవారనుకునే పెద్దమనుషులు కావాలన్నాడు. వాషింగ్టన్, జెఫర్సన్, థియోడర్ రూజ్‌వెల్ట్, లింకన్ కొండెక్కారు. రెడ్ క్లౌడ్ జాబితాలోంచి దిగిపోయాడు. కొండ ఆయన జాతివారిదే అన్న చిన్న సాంకేతికాంశాన్ని తరువాత పరిశీలిద్దాం.

లకోటాలు ఆ శిఖరాన్ని ఆరుగురు తాతలుగా కొలుచుకునేవారు. 1885 ప్రాంతంలో గనుల దస్తావేజులు చూడడానికి న్యూయార్క్ నుంచి వచ్చిన చార్లెస్ రష్మోర్ అనే వకీలు దాని పేరేమిటని అడిగాడట. పేరంటూ ఏమీ లేదు, ఇకనుంచి మీ పేరే పెట్టేస్తామన్నారట పక్కనున్నవారు. ఆయన 1925లో 5,000 డాలర్ల విరాళమిచ్చి మర్యాద నిలుపుకున్నాడు. ఈ విధంగా ఆరుగురు తాతలు ఖాళీ చేసిన చోట నలుగురు అధ్యక్షులు దిగారు. అద్దె సంగతి ఇంకా తేలలేదు.

పని మాత్రం పకడ్బందీగా సాగింది. ఒక్కొక్క ముఖం 60 అడుగులు. దాదాపు 400 మంది పనిచేసినా చెక్కుతుండగా ఒక్కరూ చనిపోలేదు. మొదట వాషింగ్టన్‌కు ఒక పక్కన మొదలుపెట్టిన జెఫర్సన్ ముఖం కింద రాయి బాగాలేదని తేలితే, ఉన్న ముఖాన్ని పేల్చివేసి, ఆయనను రెండో పక్కన మళ్లీ చెక్కారు. ఒక అధ్యక్షుడి బదిలీ ఇంత నిర్మొహమాటంగా అమలు కావడం అరుదు. నడుము దాకా చెక్కాలన్న ప్రణాళిక డబ్బు లేక ఆగింది. తొలిచిన రాళ్లు ఈనాటికీ ఆ మహనీయుల గడ్డాల కింద గుట్టగా పడి ఉన్నాయి. వాటిని చారిత్రక శిథిలాలనాలో, కాంట్రాక్టరు ఎత్తకుండా వదిలేసిన చెత్త అనాలో నిర్ణయించే అధికారం నాకు లేదు.

ఇక్కడ ప్రవేశం ఉచితం. కారు నిలపడానికి మాత్రం 10 డాలర్లు, అందుకు జాతీయ పార్కుల వార్షిక పాసు చెల్లదు. ఇది అన్యాయమని గొణిగేవారికి సూక్ష్మదృష్టి లేదు. దేశనాయకులను చూడడానికి రుసుము వసూలు చేయడం ఎబ్బెట్టుగా ఉంటుంది గనుక, చూస్తున్నంతసేపు కారు ఎక్కడో ఒకచోట ఉండక తప్పదన్న భౌతిక సత్యం మీద వసూలు చేస్తున్నారు. మరీ పొదుపరులకు రోడ్డు పక్కన ఒక మలుపులో వాషింగ్టన్ ముక్కు, 20 అడుగుల పైచిలుకు నిడివితో, పక్కనుంచి ఊరికే కనబడుతుంది. లోపలికి వెళ్లినవారికి జెఫర్సన్ రాసుకున్న పద్ధతిలో చేసిన వెనిలా ఐస్‌క్రీమ్ దొరుకుతుంది, దానికి వేరే డబ్బు.

కిందనున్న కీస్టోన్ ఒకప్పుడు గనుల ఊరు. ఇప్పుడు అక్కడ తవ్వేది పర్యాటకుల జేబులను గనుక ఆ వృత్తి కొనసాగుతున్నదనే చెప్పాలి.

అసలు పాఠం అదే కొండల్లోని డెడ్‌వుడ్ అనే ఊళ్లో ఉంది. అమెరికా ప్రభుత్వంతో 1868లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఈ కొండలన్నీ లకోటా తదితర సూ జాతివారివి. 1874లో సైనికాధికారి కస్టర్ దండు బంగారం జాడ కనిపెట్టగానే జనం ఎగబడి, 1876లో ఊరికి ఊరే అక్రమంగా కట్టేశారు. ఆ ఏడాది ఆగస్టు 2న పేకాడుతున్న పేరుమోసిన తుపాకీ వీరుడు వైల్డ్ బిల్ హికాక్‌ను జాక్ మెకాల్ అనేవాడు వెనకనుంచి కాల్చి చంపాడు. గని కార్మికుల పంచాయతీ అతణ్ణి నిర్దోషిగా వదిలేసింది. అయితే ఊరే అక్రమమైనప్పుడు దాని తీర్పు చెల్లదని, యాంక్టన్ పట్టణంలో మళ్లీ విచారించి, 1877 మార్చి 1న ఉరితీశారు. ఊరు అక్రమమన్న వాదం ఒక మనిషిని ఉరితీయడానికి సరిపోయింది, ఊరిని ఖాళీ చేయించడానికి సరిపోలేదు. పైగా 1961లో ఆ ఊరినే జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించారు. 1989లో, ఆ చరిత్రను కాపాడే నిధుల కోసం జూదాన్ని చట్టబద్ధం చేశారు. పేకాడుతూ చచ్చినవాడి స్మృతిని పేకాట సొమ్ముతో నిలబెట్టడంకన్నా తర్కబద్ధమైన వారసత్వ విధానం ఉంటుందా? వేసవిలో హికాక్‌ను వేషధారులు పర్యాటకుల ఎదుట మళ్లీ మళ్లీ చంపుతారు. చనిపోయినప్పుడు ఆయన కూర్చున్నదని చెప్పే కుర్చీని ఒక సారాయి దుకాణం గుమ్మం పైన బిగించారు, బహుశా ఇంకెవరూ కూర్చోకుండా.

మిగిలింది ఆ సాంకేతికాంశం. 1877లో ప్రభుత్వం ఈ కొండలను లాక్కున్నందుకు నష్టపరిహారం చెల్లించాలని 1980లో సుప్రీంకోర్టు ఖరారు చేసింది. వడ్డీతో కలిపి మొత్తం పది కోట్ల డాలర్లు దాటింది. సూ జాతివారు ఆ సొమ్ము ముట్టలేదు. కొండలు అమ్మకానికి లేవని, తమకు కావలసింది భూమేనని వారి మాట. ఖాతాలో ఆ మొత్తం పెరిగి వంద కోట్ల డాలర్లు మించింది. కారు ఆపినందుకు, ఐస్‌క్రీమ్ తిన్నందుకు, పేకముక్క తిప్పినందుకు ధర నిర్ణయమైన ఈ కొండల్లో, సొంతదారులు ఒక్కరే ధర చెప్పడానికి నిరాకరించడం పర్యాటకాభివృద్ధికి ఏమాత్రం సహకరించే వైఖరి కాదని సంబంధిత శాఖల దృష్టికి తెస్తున్నాను.