మడిగెలా, మైదానమా?

(హనుమకొండలో పెద్ద రోడ్డు పక్కన ఒక సర్కారు హైస్కూల్. దాని మైదానంలో రోడ్డు వైపు 40 అడుగుల జాగలో మడిగెలు, అంటే దుకాణాల గదులు కట్టి, కిరాయి బడికే ఇస్తానంటున్నాడు ఒక కాంట్రాక్టర్. ఆ బడి పూర్వ విద్యార్థే. ఎదురుగా ఉన్నది అతనికి ఆటలు నేర్పి రిటైరైన పీఈటీ సారు. బడి, మనుషులు కల్పితం. వాదన మాత్రం మన దగ్గర వినపడేదే.)

కాంట్రాక్టర్: సార్, నేను జాగ అమ్మమనడం లేదు. లీజుకివ్వమంటున్నాను. 33 ఏళ్లయ్యాక మడిగెలతో సహా బడికే వస్తుంది. బాత్రూమ్‌లు కడిగే మనిషికి జీతమివ్వడానికి హెడ్మాస్టర్ ఎంతమందిని బతిమాలుతున్నారో మీకు తెలియదా?

సారు: తెలుసు. నీ లీజు అయిపోయేసరికి ఇప్పుడు ఆరో తరగతిలో ఉన్న పిల్లకు 44 ఏళ్లొస్తాయి. అప్పుడైనా ఖాళీ చేస్తారని ఏం నమ్మకం? మున్సిపల్ మడిగెల సంగతి నీకు నేను చెప్పాలా? వేలంలో పాడుకున్నది ఒకరు, దుకాణం నడిపేది ఇంకొకరు. కిరాయి పెంచుతామనగానే కోర్టుకెళ్లి స్టే తెస్తారు.

కాంట్రాక్టర్: అగ్రిమెంట్ గట్టిగా రాసుకుందాం. అయినా 40 అడుగులే కదా, వెనకంతా మీదే.

సారు: టేపు పట్టుకుని రా, కొలుద్దాం. రోడ్డు నుంచి వెనక గోడ దాకా 50 మీటర్లు. నీ 40 అడుగులంటే 12 మీటర్లు. మిగిలేది 38. నాలుగు లేన్లతో 200 మీటర్ల ట్రాక్ మామూలు కొలతలతో గీయాలంటే అడ్డంగా 46 మీటర్లన్నా కావాలి. అంటే నువ్వు తీసుకునేది 40 అడుగులు కాదు, ట్రాక్ మొత్తం. ఖోఖో కోర్టు 27కి 16, అది పడుతుంది. కానీ పక్కనే వాలీబాల్ ఆడితే బంతి నీ మడిగెల అద్దాలకే తగులుతుంది. నెల తిరగకముందే దుకాణాలవాళ్లు ఆటలు బంద్ చేయమంటారు.

కాంట్రాక్టర్: అసలు ఆ ట్రాక్ మీద పరుగెత్తే పిల్లలేరి సార్? మీరు రిటైరయ్యాక పీఈటీ పోస్టు నిండనే లేదు. చీకటి పడితే బీరు సీసాలు. పొద్దున అవి ఏరేది పిల్లలే.

(ఇక్కడ సారు కాసేపు ఏమీ అనడు. సీసాల మాట అబద్ధమైతే కదా. వాడని జాగ మీదే అందరి కన్నూ పడుతుంది.)

సారు: పొద్దున ఐదింటికి ఒకసారి రా. కానిస్టేబుల్ ఉద్యోగాలకు తయారయ్యే పిల్లలు కనపడతారు. మగపిల్లలకు 1600 మీటర్లు, ఈ ట్రాక్ మీద ఎనిమిది రౌండ్లు. ఆడపిల్లలకు 800, నాలుగు రౌండ్లు. చాలామంది పల్లెల నుంచి వచ్చి రూముల్లో ఉండేవాళ్లే. డబ్బులు కట్టి గ్రౌండ్‌కి పోగలరా? ఆదివారమైతే అపార్ట్‌మెంట్లలో నడిచే ప్రైవేటు బడుల పిల్లలు కూడా బ్యాట్లు పట్టుకుని ఇక్కడికే వస్తారు.

కాంట్రాక్టర్: సరే. మరి ప్రహరీ ఎవరు కడతారు? 2022లో సర్కారు బడులు బాగుచేస్తామని ‘మన ఊరు – మన బడి’ పథకమన్నారు. 12 రకాల పనుల్లో ప్రహరీ కూడా ఒకటి. మన బడి దాకా రాలేదు. చాలాచోట్ల పని చేసినవాళ్లు కూడా బిల్లుల కోసం తిరిగారు. నా మడిగెలే ప్రహరీ అవుతాయి కదా!

సారు: విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. ఒకటి నుంచి ఎనిమిది దాకా చదివే బడికి ఏమేం ఉండాలో దాని షెడ్యూల్‌లో రాశారు. ఆటస్థలం ఉంది, ప్రహరీ ఉంది. మడిగెలు లేవు. బెంగళూరులో పార్కు కోసం ఉంచిన జాగను ప్రైవేటు నర్సింగ్‌హోమ్‌కి ఇస్తే 1991లో సుప్రీంకోర్టు చెల్లదంది. ఆసుపత్రికే చెల్లనిది, సెల్‌ఫోన్ల దుకాణానికి చెల్లుతుందా?

కాంట్రాక్టర్: కోర్టు దాకా ఎందుకు సార్. ఈ రోజుల్లో ఖాళీ జాగ ఉంచితే ఎవడో ఒకడు కబ్జా చేస్తాడు. నేనైతే కిరాయి అయినా ఇస్తాను.

సారు: దొంగ వస్తాడని ముందే ఇల్లు కిరాయికిస్తామా? వాన నీళ్లు పోయే నాలాల మీద కట్టినప్పుడు కూడా కొంచెమే కదా అన్నారు. 2020 ఆగస్టులో ఇక్కడ కాలనీలు మునిగాక వాటిని కూలగొట్టాల్సి వచ్చింది. మైదానం పోతే అట్లా వరదేమీ రాదు, కాబట్టి ఎవరూ వచ్చి కూలగొట్టరు. నా టెన్షన్ అదే. ముందు సర్వే చేయించి హద్దురాళ్లు పాతిద్దాం. భూమి రికార్డు పహాణీలో బడి పేరు ఉందో లేదో చూద్దాం. తర్వాత ప్రహరీకి టెండర్ పిలిపిద్దాం. నువ్వే వేయి.

కాంట్రాక్టర్: ప్రహరీలో నాకేం మిగులుతుంది సార్?

సారు: మడిగెల్లో ఎంత మిగిలేది?

కాంట్రాక్టర్: (నవ్వి) ఆ లెక్క మీకు చెప్పేదా సార్! బిల్లు ఆరు నెలల్లో ఇప్పిస్తామంటే మాత్రం టెండర్ వేస్తాను.

సారు: ఆరు నెలలని నేను మాటివ్వలేను. సర్వే దరఖాస్తు మీద ముందు సంతకం పెట్టు, పూర్వ విద్యార్థిగా.