మన్యం చలిలో ఎలుగు గాయం

డిసెంబరు వస్తే శని, ఆదివారాల్లో విశాఖ కార్లు లంబసింగి, వంజంగి బాట పడతాయి. మేఘాలు చూడాలంటే తెల్లవారకముందే కొండెక్కాలి. అంటే చీకటి, మంచు తడి, చుట్టూ అడవి. పర్యాటకులకు చెప్పే జాగ్రత్తల్లో చలిని, జంతువులను విడివిడిగా చూస్తారు. రెండూ ఒకే మనిషి మీద పడితే ఏమవుతుందో ఎవరూ చెప్పరు.

ఎలుగుబంటి తినడానికి మీదపడదు. పుట్ట తవ్వుతూ తల దించుకుని ఉంటే మనం బాగా దగ్గరికొచ్చేదాకా గమనించదు. ఉలిక్కిపడి తల, ముఖం చీరేస్తుంది. 2022 జూన్‌లో శ్రీకాకుళం జిల్లా కిడిసింగిలో ఒకరి ప్రాణం తీసింది ఎలుగే. నలుగురు కలిసి గట్టిగా మాట్లాడుకుంటూ, టార్చి వేసుకుని నడిస్తే చాలావరకు అదే తప్పుకుంటుంది. చెవుల్లో పాటలు పెట్టుకుని ముందు నడిచేవాడికి ఈ రక్షణ లేదు. పరుగులో దాన్ని మించలేం, చెట్టెక్కితే అదీ ఎక్కుతుంది. మీదపడితే బోర్లా పడుకుని, వేళ్లు పెనవేసి మెడ వెనక కప్పుకుని, ముఖం నేలకు ఆనించాలి. బ్యాగు వీపునే ఉండనివ్వాలి. చిరుత సంగతి వేరు: కదలకుండా పడుకోవద్దు, వెన్ను చూపకుండా అరుస్తూ వెనక్కి జరగాలి, పట్టుకుంటే తిరగబడాలి.

జంతువు వెళ్లిపోయాకే అసలు పని. రక్తం పోతున్న మనిషి ఒళ్లు చల్లబడటానికి సున్నా డిగ్రీల చలి అక్కర్లేదు, తడి బట్టలు, గాలి చాలు. శరీరం లోపలి వేడి 35 డిగ్రీల కన్నా తగ్గితే రక్తం గడ్డకట్టే ప్రక్రియ మందగిస్తుంది. రక్తం ఆగదు, ఆగనికొద్దీ ఒళ్లు ఇంకా చల్లబడుతుంది. గాయానికి కట్టు కట్టి మనిషిని నేలమీద వదిలేస్తే సగం పనే చేసినట్టు.

శుభ్రమైన గుడ్డతో గాయాన్ని అదిమి, ఎత్తి చూడకుండా పది నిమిషాలు పట్టుకోవాలి. చేతికో కాలికో అయిన గాయం నుంచి రక్తం చిమ్ముతూ ఆగకపోతే మాత్రం, గాయానికి నాలుగు వేళ్ల పైన, కీలు మీద కాకుండా, వెడల్పాటి గుడ్డ కట్టి కర్రతో మెలిపెట్టాలి. సన్నతాడు కండను కోస్తుంది. కట్టిన టైము రాసిపెట్టాలి, దారిలో విప్పకూడదు. ఆలోపు మరొకరు తడి చొక్కా తీసి పొడి బట్ట వేయాలి, కింద చాప, బ్యాగులు పరచాలి. నేల లాగేసే వేడి తక్కువేం కాదు. పైన దుప్పటి, దాని మీద పాలిథిన్ పట్టా. వేడినీళ్ల సీసాను గుడ్డలో చుట్టి చంకల్లో పెట్టొచ్చు. కాళ్లూ చేతులూ రుద్దకూడదు. మద్యం తాగిస్తే ఒంట్లో వేడి చర్మానికి చేరి బయటికి పోతుంది. మూసిన టెంటులో, కారులో కుంపటి పెడితే కార్బన్ మోనాక్సైడ్ చంపేస్తుంది. ఒళ్లు చల్లగానే ఉండి వణుకు ఆగిందంటే కోలుకున్నట్టు కాదు, ముదిరినట్టు.

పాడేరు నుంచి విశాఖ వంద కిలోమీటర్ల పైమాటే, అందులో ఘాట్ రోడ్డు. సిగ్నల్ లేకపోతే ఒకరు దిగి 108కి ఫోన్ చేయాలి. బొంగులో చికెన్ దొరికే ప్రతి వ్యూ పాయింట్ దగ్గరా ఓ స్ట్రెచర్, నాలుగు దుప్పట్లు ఉంచడం యంత్రాంగానికి భారమేమీ కాదు.

రక్తం అదుపులోకి వచ్చాకే సబ్బు, ధారగా పోసే నీళ్లతో పదిహేను నిమిషాలు గాయం కడగాలి, బట్టలు తడవనీయకుండా. పసుపు, కారం పూయొద్దు. ఎలుగు కాటుకూ రేబిస్ టీకా, గాయంలోకి ఇమ్యునోగ్లోబ్యులిన్ (రేబిస్‌ను వెంటనే అడ్డుకునే సిద్ధమైన యాంటీబాడీలు), ధనుర్వాతం ఇంజెక్షన్ కావాలి. కుట్లు తప్పనిసరైతే ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇచ్చాకే వేయమని అడగండి.