పటం ఊరి గోడ మీదికి రావాలి

ఉభాలప్పుడు, అంటే వరి నాట్ల వేళ, శ్రీకాకుళం జిల్లా పొలాలు రాడార్ ఉపగ్రహానికి నల్లగా కనబడతాయి. దమ్ము పట్టిన మడిలో నిలిచిన నీటి మీద పడ్డ తరంగం పక్కకు జారిపోతుంది, పైకి తిరిగి రాదు. వరి పిలకలేసి ఎదిగేకొద్దీ ఆ నలుపు విరుగుతుంది. ఎక్కడ ఎప్పుడు నాటారో, ఏ మడి బీడుగా మిగిలిందో ఇలా తెలుసుకుని పటం గీయవచ్చు. రాడార్‌కు మబ్బు అడ్డం కాదు. ఖరీఫ్‌లో ఆకాశం తెరిపిచ్చే రోజులెన్ని? 2022లో ఇస్రో పంపిన ఈఓఎస్-04, 2025 జులై 30న నాసాతో కలిసి శ్రీహరికోట నుంచి పంపిన నైసార్ ఈ పనికొచ్చే రాడార్ ఉపగ్రహాలే.

ఇది వద్దని మేము అనడం లేదు. 2018లో తిత్లీ తుఫాను తర్వాత ఉద్దానంలో కూలిన కొబ్బరి, జీడి చెట్లను లెక్కపెట్టడానికి పడ్డ పాట్లు ఎవరూ మరిచిపోలేదు. మా పేచీ వేరు. 2023 ఖరీఫ్ నుంచి కేంద్రం పంటల బీమా పథకమైన ఫసల్ బీమాలో వరి దిగుబడి లెక్కకు ఉపగ్రహ అంచనాలను కనీసం 30 శాతం కలుపుతున్నారు. అంటే పటంలో తప్పుంటే అది నేరుగా రైతు చేతికొచ్చే డబ్బును తగ్గించొచ్చు.

మన కమతాల సంగతి చూడండి. ఇస్రో ఉపగ్రహం రిసోర్స్‌శాట్‌లోని లిస్-3 కెమెరా తీసే చిత్రంలో ఒక్కో చుక్క (పిక్సెల్) నేల మీద 23.5 మీటర్ల చదరం, దగ్గరదగ్గర 14 సెంట్లు. 30 సెంట్ల మడికి రెండే చుక్కలు. అందులోనూ గట్టు, తాటిచెట్లు, పక్కవాళ్ల చేను కలిసిపోతాయి. యూరప్ వారి సెంటినెల్-2 ఉపగ్రహం చుక్క రెండున్నర సెంట్లే, కాకపోతే మబ్బు పడితే దానికి ఏమీ కనబడదు.

కోసి పనల మీదున్న వరి తుఫాను వానకు తడిస్తే గింజ మొలకెత్తిందో లేదో పై నుంచి తెలియదు. కోసిన 14 రోజుల్లోపు అలా నష్టపోయి, 72 గంటల్లో కబురు చేస్తే పొలానికొచ్చి చూడాలని బీమా నిబంధనల్లోనే ఉంది. ఉపగ్రహం ఉందిగదా అని ఆ రాకను ఎగ్గొట్టకూడదు. ఆ మడిని దున్నింది కౌలు రైతా, సొంతదారా అన్నదీ పటం చెప్పదు.

అందుకే నష్టాల జాబితా ఖరారు చేసే ముందే సర్వే నంబర్లతో ఆ పటాన్ని రైతు సేవా కేంద్రం గోడకు అంటించాలి. అభ్యంతరాలకు వారం గడువివ్వాలి. తప్పని రైతు చెప్పిన ప్రతి మడికీ వ్యవసాయ సహాయకుడు వెళ్లి ఫొటో తీయాలి. వంశధార మీది గొట్టా బ్యారేజీ కాలువల శివారు ఊళ్లతో దీన్ని మొదలుపెట్టమని జిల్లా యంత్రాంగాన్ని కోరుతున్నాం.