చిప్పుకు తద్దినం ఎవరు పెట్టాలి?

మొన్నటి ఆదివారం మా పేటలోని కల్యాణ మండపంలో "కృత్రిమ మేధకు ఆత్మ ఉన్నదా?" అనే అంశంపై జరిగిన విద్వత్సభకు హాజరై, మూడు గంటల తరువాత నాకే ఆత్మ ఉన్నదో లేదో తెలియని స్థితిలో బయటపడ్డాను.

ఈ చింత మనకొక్కరికే కాదు. 2019లో క్యోటోలోని కోదాయిజీ ఆలయంలో మిండార్ అనే మరమనిషి బౌద్ధ ధర్మోపదేశానికి కూర్చున్నది. 2020లో వాటికన్ పెద్దలు మైక్రోసాఫ్ట్, ఐబీఎంల చేత కృత్రిమ మేధ నీతిపత్రంపై సంతకాలు పెట్టించారు. మనవారు వెనుకబడతారా?

అధ్యక్షులవారు "నైనం ఛిందంతి శస్త్రాణి", ఆత్మను ఆయుధాలు కోయలేవు, అన్న గీతా శ్లోకం చదివి, చిప్పును కోయవచ్చు కనుక అందులో ఆత్మ లేదని తేల్చారు. కోసినది దేహాన్నే కదా, సాఫ్ట్‌వేరును ఏ కత్తి కోసిందని ఒక తర్కశాస్త్ర పండితులు అడ్డుతగిలారు. ఈలోగా మైకు కీచుమంటే దానిని కూడా పూర్వపక్షంగా, అంటే ఎదుటివారి వాదంగా, స్వీకరించారు. కొత్త వెర్షన్ వచ్చాక పాత వెర్షన్‌కు తద్దినం ఎవరు పెట్టాలన్న ధర్మసందేహంపై నలభై నిమిషాలు వాదించి, కంపెనీయే కర్త అని తీర్మానించారు.

చివరి వక్త, కాశీ వీధిలో ఆదిశంకరులకు ఎదురై, తొలగిపొమ్మంటే తిరిగి ప్రశ్నించిన చండాలుని కథ ఎత్తుకున్నారు. "తొలగిపొమ్మంటున్నది ఈ దేహాన్నా, లోపలి చైతన్యాన్నా?" అన్న ఆనాటి ప్రశ్ననే రేపు రోబో మనలను అడుగుతుందని ఆయన గద్గద స్వరంతో అనగానే సభ చప్పట్లతో మారుమోగింది.

సరిగ్గా అప్పుడే, మండపం వెనుక పొంగిన మ్యాన్‌హోల్‌లోకి ఒక మనిషి దిగుతుండగా కిటికీలోంచి చూశాను. నడుముకు నైలాన్ తాడు, చేతిలో వెదురు బద్ద, అంతే. భోజనాల వేళకు కంపు రాకూడదని నిర్వాహకులే పిలిపించారట.

అయ్యా, ఆ ప్రశ్న అడిగినది రోబో కాదు! కథలో చండాలుడు చివరకు శివుడని తేలుతాడు కనుక మనకు హాయి. ఇక్కడ దిగినవాడు ఒక్కోసారి శవమై తేలుతాడు. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని మురుగులోకి దింపడం నేరమని 2013లోనే చట్టం చేశారు. అలా చచ్చిపోతే కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. మురుగు తోడే రోబోను కేరళ కుర్రాళ్లు 2018లోనే దింపి చూపించారు. దానికి ఆత్మ ఉన్నదా అని ఏ పండితుడూ అడగలేదు. అది మా పేటకు ఎందుకు రాలేదని కూడా అడగలేదు. సిగ్గుండాలి!

మేము లోపల పంక్తిలో కూర్చుని పులిహోర తింటుండగా, అతనికి పొట్లం కట్టి ప్రహరీ గోడ మీద పెట్టారు.