ఎలుకను కాపాడిన తులసి కేన్సర్ రోగిని కాపాడుతుందా?

పొట్టకో, పొత్తికడుపుకో రేడియేషన్ మొదలైన రెండు మూడు వారాలకు చాలామంది రోగులకు అన్నం సహించదు. వికారం, వాంతులు, నీళ్ల విరేచనాలు. ఇంట్లోవాళ్లకు అదో పెద్ద టెన్షన్. సరిగ్గా అప్పుడే ఎవరో ఒక వీడియో పంపుతారు. ఫలానా ఆకు రసం తాగితే ఈ బాధలేవీ ఉండవని, సైంటిస్టులే తేల్చారని అందులో ఉంటుంది. ఆ మాటను ఒక్క వేటుతో కొట్టిపారేయలేం. దాని వెనక నిజమైన పరిశోధనే ఉంది.

తులసి ఆకుల్లోని ఓరియెంటిన్, విసెనిన్ అనే పదార్థాలు చిట్టెలుకలను గామా కిరణాల నుంచి కాపాడాయని మణిపాల్‌లోని శాస్త్రవేత్తలు చూపించారు. అల్లం, మారేడు సారాల మీదా అక్కడ పని జరిగింది. ఢిల్లీలో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓకు చెందిన ఇన్‌మాస్ ప్రయోగశాల, హిమాలయాల్లో పెరిగే సీబక్‌థార్న్ అనే ముళ్ల పొద మీద ఏళ్ల తరబడి పనిచేసింది. ఇవన్నీ గౌరవించదగ్గ ప్రయత్నాలు.

పేగుల లోపలి పొర మూడు నుంచి ఐదు రోజులకోసారి కొత్తగా పుడుతుంది. దాన్ని పుట్టించే మూలకణాలు పొర అడుగున చిన్న గుంటల్లో ఉంటాయి. వేగంగా విభజన చెందే కణాలకే రేడియేషన్ దెబ్బ ఎక్కువ కాబట్టి ముందు దెబ్బతినేవి అవే. కిరణాలు కణంలోని నీటిని చీల్చినప్పుడు పుట్టే హైడ్రాక్సిల్ రాడికల్స్ అనే అతి చురుకైన ముక్కలు డీఎన్ఏను తెగ్గొడతాయి. వాటి ఆయుష్షు సెకనులో వంద కోట్లో వంతు. అంత తక్కువ సమయంలో వాటిని పట్టుకోవాలంటే రక్షించే పదార్థం ముందే ఆ కణంలోకి చేరి ఉండాలి. అందుకే ప్రయోగాల్లో మూలిక సారాన్ని చాలాసార్లు రేడియేషన్‌కు ముందే, నేరుగా ఎలుక ఉదర కుహరంలోకి (జీర్ణాశయంలోకి కాదు) ఇంజెక్షన్‌గా ఇచ్చారు. గ్లాసులో పోసి తాగించడం వేరు. పసుపులోని కర్కుమిన్‌నే తీసుకోండి, తాగినదాంట్లో రక్తంలోకి చేరేది అతి స్వల్పం. పేగు పొరకు తాగిన మందు నేరుగా తగులుతుంది కదా అనవచ్చు. అది న్యాయమైన వాదనే. కానీ అడుగునున్న మూలకణాల దాకా చాలినంత చేరుతుందో లేదో మనుషుల్లో కొలిచి చూడాల్సిందే.

నన్ను అంతకంటే ఎక్కువ కలవరపెట్టేది ఇంకొకటుంది. ఈ ప్రయోగాల్లో చాలావాటిలో ఎలుకకు కేన్సర్ లేదు. ఆరోగ్యంగా ఉన్న ఎలుకకు ఒళ్లంతా ఒకేసారి భారీ డోసు ఇచ్చి, నెల రోజులకు ఎన్ని బతికాయో లెక్కపెట్టారు. అది అణు ప్రమాదంలో చిక్కుకున్నవాడి ప్రశ్న, సైనికుడి ప్రశ్న. ఈ శాస్త్రం పెరిగిందే అలా. సిస్టీన్ అనే అమైనో ఆమ్లం ఎలుకలను ఎక్స్‌రేల నుంచి కాపాడుతుందని 1949లో తేలాక, అమెరికా సైన్యం వేల రసాయనాలను పరీక్షించింది. వాటిలోంచి వచ్చిందే అమిఫోస్టిన్ అనే మందు. రేడియేషన్ వల్ల నోరు ఎండిపోవడాన్ని తగ్గించడానికి 1999లో దానికి అక్కడ అనుమతి దొరికింది. ఆ మందుతోనే వాంతులు, బీపీ పడిపోవడం లాంటి ఇబ్బందులున్నాయి.

కేన్సర్ రోగి పరిస్థితి వేరు. ఆయనకు కొద్దికొద్దిగా వారాల తరబడి సిట్టింగులు. ఒంట్లో చంపాల్సిన కణితి ఉంది. పేగును కాపాడే పదార్థం కణితిని కూడా కాపాడితే? ఇది ఊహ మాత్రమే కాదు. తల, మెడ కేన్సర్ రోగులు 540 మంది మీద కెనడాలో చేసిన పరీక్ష ఫలితాలు 2005లో వచ్చాయి. రేడియేషన్ రోజుల్లో విటమిన్ ఈ, బీటా కెరోటిన్ కలిపి తీసుకున్నవారిలో తీవ్రమైన దుష్ప్రభావాలు తగ్గాయి. కానీ మాత్రలు వాడినవారిలోనే కేన్సర్ తిరగబెట్టడం ఎక్కువ వైపు మొగ్గింది. ఆ తేడా గణాంకాల ప్రకారం ఖాయమనేంత పెద్దది కాదు, నిజమే. అయినా నా ఇంట్లోవాళ్లకు రేడియేషన్ జరుగుతుంటే ఆ మాత్ర ఇవ్వను.

మనుషుల్లో పెద్ద పరీక్ష ఎందుకు కావాలో కర్కుమినే చూపించింది. రొమ్ము కేన్సర్ రేడియేషన్‌లో చర్మం కమిలిపోవడాన్ని అది తగ్గిస్తుందని 30 మందిపై చేసిన చిన్న పరీక్షలో కనిపించింది. 686 మందితో చేసిన పరీక్షలో ఆ మేలు నిలబడలేదు.

వికారానికి ఆన్‌డాన్‌సెట్రాన్ లాంటి మందులు ఉన్నాయి, పనిచేస్తాయి. వాటిని అడిగి తీసుకోవడానికి మొహమాటపడొద్దు. ఇప్పటికే ఏదైనా కషాయమో చూర్ణమో వాడుతుంటే తర్వాతి సిట్టింగ్‌కు ముందే డాక్టరుకు సీసా చూపించండి. తిడతారని దాచకండి. డాక్టర్లూ తిట్టకండి, తిడితే వాళ్లు దాస్తారు. ఇక పరిశోధకులను అడగాల్సింది ఒకటే: కణితి ఉన్న ఎలుకకు, విడతలుగా రేడియేషన్ ఇస్తూ, నోటి ద్వారా మందు పట్టించి చూడండి. పేగుతో పాటు కణితినీ కొలవండి.