ఉషిరో అంటే వెనక్కే కదా!

క్యోటో, నవంబరు, ఎర్రబడ్డ ఆకులు, ఇసుక వేస్తే రాలని జనం. అవన్నీ అందరూ చెప్పేవే కాబట్టి తిన్నగా నిన్న మధ్యాహ్నం షిజో కవారమాచి బస్టాపుకి వచ్చేస్తాను. 207 నంబరు బస్సు వచ్చింది. నేను ముందు తలుపు దగ్గరికి వెళ్ళాను.

రెండేళ్ళుగా టోక్యోలో ఉంటున్నాను. అక్కడ సిటీ బస్సు ముందు తలుపులోంచి ఎక్కి, ఎక్కగానే టికెట్టు డబ్బులు కట్టాలి. క్యోటోలో వెనక ఎక్కి, దిగేటప్పుడు ముందు తలుపు దగ్గర కట్టాలట. హైదరాబాదులో ఆడవాళ్ళకి ముందు, మగవాళ్ళకి వెనక అని పుట్టినప్పటినుంచీ వెనక తలుపుకే వేలాడినవాణ్ణి నేను. ఆ బంగారంలాంటి అలవాటు టోక్యో మాన్పించింది.

తలుపు పక్కన రాసినదాంట్లో నాకు తెలిసిన కాంజీ, అంటే జపనీస్ బొమ్మల అక్షరం, ఒకటి కనిపించింది. అమీర్‌పేట జపనీస్ కోచింగులో మా సారు బోర్డు మీద గీసి మరీ చెప్పాడు: "మాయె అంటే ముందు, అతో అంటే తర్వాత. రాసుకోండి, పరీక్షలో వస్తుంది." ఇది ఆ 'అతో'. ఓహో, దిగేవాళ్ళు దిగాక తర్వాత ఎక్కమంటున్నారు, ఎంత మర్యాద అనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాను. అదే అక్షరాన్ని ఉషిరో అని కూడా చదవొచ్చని, అప్పుడది 'వెనక' అవుతుందని సారు చెప్పలేదు. ఫీజు మాత్రం పూర్తిగా తీసుకున్నాడు.

డ్రైవరు మైకులో ఏదో అన్నాడు. ట్రాఫిక్ హోరులో "ఉషిరో" ఒక్కటే చెవిన పడింది. ఆ మాట విడిగా నాకు తెలుసు. వెనక్కి. ఒక అడుగు వెనక్కి వేశాను.

"ఉషిరో" అన్నాడు మళ్ళీ, ఇంకాస్త వినయంగా. ఇంకో అడుగు వేశాను. టోక్యో స్టేషన్లలో రోజుకి నాలుగుసార్లు పసుపు గీత దాటి రాకండి, వెనక్కి జరగండి అని అరిపించుకున్న కాళ్ళివి, మెదడుని అడగవు. మూడోసారి ఆయన తెల్ల గ్లవుజు చెయ్యి కూడా వెనక్కి ఊపాడు. నేను రెండడుగులు వేసి, నడుం దాకా వంగి దండం పెట్టాను. ఆయనా వంగాడు. బస్సు కదలదు, నేను ఎక్కను, మర్యాదలో ఇద్దరం తగ్గం.

మా ఆవిడ అప్పటికే బస్సులో కూర్చుని ఉంది. హైదరాబాదులో ముందు తలుపు తప్ప ఎరగని మనిషి, ఇక్కడ చక్కగా అందరితోపాటు వెనక ఎక్కేసింది. కిటికీ పై అద్దం జరిపి అరిచింది.

"ఏవండీ! వెనక్కండీ, వెనక్కి!"

అచ్చ తెలుగు. ఇంకో అడుగు వెనక్కి వేశాను.

ఈసారి మడమ ఎవరి గొడుగు మీదో పడింది. ఒక బామ్మగారు. ఆవిడ గొడుగు లాక్కుని, దాని కొసతో వెనక తలుపు చూపించి "ఓసకి ని దోజో" అంది, ముందు మీరెక్కండి అని. ఈ 'సకి' ఇంకో తలనొప్పి. 'సకిహోదో' అంటే ఇందాక, 'కోనోసకి' అంటే ఇకమీదట. గడిచిందీ రాబోయేదీ ఒకే మాటలో! అని ఇదివరకు విసుక్కుంటే మా ఆవిడే అంది, "మీకు ముందే చెప్పాను" అన్నా, "ముందుంది ముసళ్ళ పండగ" అన్నా మనదీ ఒకటే ముందు కదా అని. అప్పట్లో ఒప్పుకోలేదు. ఇప్పుడూ ఒప్పుకున్నట్టు ఆవిడకి చెప్పలేదు.

ఎలాగో ఎక్కాను. బస్సంతా కిటికీల్లోంచి బయటికి చూస్తోంది, అంటే నన్ను చూడకుండా. మా ఆవిడ ఒక్కతే చూస్తోంది, చేతిలో ఫోనుతో. వీడియో తీసిందని అప్పుడర్థమైంది. కియోమిజు గుడి వచ్చేలోపే అది ఇంటి గ్రూపులో పడింది, మా బావమరిది దాన్ని వెనక్కి తిప్పి, అంటే నేను బస్సు వైపు దండాలు పెడుతూ వస్తున్నట్టు చేసి, మళ్ళీ పెట్టాడు.

కోపమంతా సారు మీదికి పోయింది. "సార్, ఆ కాంజీకి వెనక అనే అర్థం కూడా ఉందట, చెప్పలేదేం?" అని మెసేజ్ కొట్టాను. ఐదు నిమిషాలకి జవాబు వచ్చింది.

"క్లాసులో ఉన్నాను. అతో దే."